తిరువయ్యారులో ఐదు కీర్తనలు, తంజావూరులో ఒక లాడ్జి

ఫోన్లో లాడ్జి గదికి అనుకున్నది రోజుకు 1,800. ఇరవై నాలుగు గంటల లెక్క. జనవరి 17 తెల్లవారుజామున దిగి 18 సాయంత్రం ఖాళీ చేస్తామని ముందే చెప్పాం కాబట్టి రోజున్నరకు 2,700 అవుతుందని మా ఆయన డైరీలో రాసుకున్నారు. చివరికి కట్టింది 5,824. అది కూడా 18 మధ్యాహ్నానికే గది వదిలేసి. తమిళనాడులోని తిరువయ్యారులో ఏటా జరిగే త్యాగరాజ ఆరాధన గురించి రాద్దామని కూర్చుంటే ముందు చేతికొచ్చింది ఈ లెక్కే, ఏం చేయను!

విజయవాడ నుంచి మేం ముగ్గురం బయల్దేరాం. నేను, మా ఆయన, మా అక్క. అక్క పన్నెండేళ్ళు సంగీతం నేర్చుకుంది. నాకు వినడం వచ్చు. మా ఆయనకు భోజనం చేయడం వచ్చు. కనుమ మర్నాడు పొద్దున్నే పినాకిని ఎక్కి చెన్నైలో దిగి, ఎగ్మూరు నుంచి రాత్రికి ఉళవన్ ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాం. టికెట్లు సెప్టెంబర్‌లోనే తీశాం కాబట్టి పొంగల్ రద్దీలోనూ బెర్తులు దొరికాయి. ముగ్గురికీ రానూపోనూ 7,860. రైళ్ళ గురించి చెప్పడానికి ఇంకేం లేదు, రెండూ టైముకే నడిచాయి.

తంజావూరులో తెల్లవారకముందే దిగాం. లాడ్జి కౌంటర్ దగ్గర మంకీ క్యాప్ పెట్టుకున్న మేనేజర్ రిజిస్టర్ మా వైపు తిప్పి, ‘పన్నెండు టు పన్నెండు’ అన్నాడు. అంటే మధ్యాహ్నం పన్నెండు దాటితే ఇంకో రోజు. మేం తెల్లవారుజామున వచ్చాం కాబట్టి ఆ ఏడు గంటలకు ఒక రోజు, 18 మధ్యాహ్నం దాకా ఇంకో రోజు. రేటు కూడా 1,800 కాదు, పొంగల్ వారం కాబట్టి 2,600. పైన అప్పటి పన్నెండు శాతం జీఎస్టీ. ఫోన్లో మాట్లాడింది ఎవరని అడిగితే, ఆయన లీవులో ఉన్నాడట. సరే, జీఎస్టీ కడతాం, నంబర్ ఉన్న బిల్లివ్వండి అన్నారు మా ఆయన. ఆయన ముప్పై ఏళ్ళు అకౌంట్స్ చూసిన మనిషి. మేనేజర్ ఒక తెల్లకాగితం చింపి, దాని మీద 5,824 అని రాసి, గుండ్రంగా సంతకం పెట్టాడు. అదే బిల్లు.

గది మాటకొస్తే, గీజర్ స్విచ్ వేస్తే ఎర్రలైటు వెలుగుతుంది, నీళ్ళు మాత్రం కాగవు. అడిగితే కుర్రాడు బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చి నలభై రూపాయలన్నాడు. మూడు బకెట్లు, 120. దుప్పట్లు రెండే ఇచ్చారు. ఎందుకంటే మేం బుక్ చేసింది ‘డబుల్’ అట, మూడో మనిషి ఉన్నట్టు వాళ్ళకు తెలియదట. అక్క ఏమీ అనలేదు. తన శాలువా కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. మా అక్క ఏమీ అనకపోవడం కంటే మేనేజర్‌తో గొడవే నయం.

మీరు వెళ్ళేటట్టయితే నా మాట వినండి. లాడ్జి వాళ్ళతో ఫోన్లో మాట్లాడి వదిలేయకండి. రేటు, చెక్ అవుట్ టైము, పన్ను కలిపా వేరేనా, ఎంతమంది, ఈ నాలుగూ వాట్సాప్‌లో రాయించుకోండి. ఇంకా మంచిపని ఏమిటంటే తిరువయ్యారులోనే బస చూసుకోవడం. ఊరు చిన్నది, గదులు తక్కువ, ఆరాధనకు నెలల ముందే నిండిపోతాయి. అయినా ప్రయత్నించండి. తంజావూరు నుంచి పదమూడు కిలోమీటర్లు అంతే గానీ, ఆరాధన ఆఖరి రోజైన పంచమి పొద్దున నాలుగున్నరకు ఆటో వెతుక్కోవడం ఒక పరీక్ష. మామూలుగా నాలుగు వందల బేరం, ఆ రోజు ఏడు వందలు.

17న మాత్రం బస్సులో వెళ్ళాం. దారిలో వంతెన మీద వంతెన. తిరువయ్యారు అంటే ఐదు నదుల ఊరు. అవి దాటుతుంటే పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. తమిళనాడు టౌన్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి మా ముగ్గురిలో డబ్బులు కట్టింది మా ఆయన ఒక్కరే, పదిహేను రూపాయలు. ‘లాడ్జిలోనూ నేనే, బస్సులోనూ నేనే’ అన్నారు. అక్క మొదటిసారి నవ్వింది.

ఆరాధన ఐదు రోజులు. పుష్య బహుళ పంచమితో ముగుస్తుంది. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందిన తిథి అది. మేం వెళ్ళింది 178వది, 2025 జనవరి 14 నుంచి 18 దాకా. కావేరి ఒడ్డున సమాధి మందిరం, దాని ముందు పెద్ద పందిరి. టికెట్ లేదు, సీటు నంబర్ లేదు. చెప్పులు ఎక్కడో ఒకచోట విడిచి నేల మీద కూర్చోవడమే. పొద్దున మొదలైతే రాత్రి పొద్దుపోయేదాకా ఒకరి తర్వాత ఒకరు వచ్చి పాడతారు. వేదికలు రెండు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని మీద పాడుతుంటే రెండోదాని మీద తర్వాతి వాళ్ళు సర్దుకుంటుంటారు. టీవీలో, పెద్ద సభల్లో రెండున్నర గంటలు పాడే విద్వాంసులకైనా ఇక్కడ కొన్ని నిమిషాలే. ఒక కీర్తన, కాస్త స్వరకల్పన, నమస్కారం, దిగిపోవడం. వాళ్ళ వెనకే ఏదో ఊరి సంగీత పాఠశాల పిల్లలు ఎక్కుతారు.

మొదటి గంట నాకు నచ్చలేదు. నిజం చెప్తున్నాను. ఒక రాగం చెవికి పట్టేలోపు ఇంకో రాగం వచ్చేస్తుంది. మైకు ఒక వైపు గట్టిగా, ఒక వైపు మందంగా. పక్కన పిల్లాడు మురుకులు నములుతున్నాడు. రెండేళ్ళ కింద డిసెంబర్‌లో మైలాపూర్ సభలకు వెళ్ళినప్పుడు ఐదు వందలు పెట్టి వెనక వరసలో కూర్చున్నా, ఏసీ చల్లగా ఉండేది, ఒక తోడి రాగాన్ని మొదటి నుంచి చివరిదాకా విన్నాం. (అక్కడ మృదంగం ఒక్కటే వాయించే ‘తని’ మొదలవగానే సగం హాలు కాఫీకి లేచిపోతుంది, అది వేరే సంగతి.) ఇక్కడ కచేరీ వినడానికి వచ్చామనుకుంటే నిరాశే. మధ్యాహ్నానికి గానీ నాకు అర్థం కాలేదు, ఇక్కడికి వచ్చేవాళ్ళు మనకోసం పాడటం లేదని. చాలామంది జనం వైపు చూడనుకూడా చూడలేదు. వచ్చి, త్యాగరాజస్వామికి ఒకటి వినిపించి వెళ్ళిపోతున్నారు. అది తెలిశాక మైకు గురించి సణుగుడు మానేశాను.

మధ్యాహ్నం భోజనానికి మా ఆయన ముందుండి నడిపించారు. సన్నిధి వీధి వెనక ఒక ఇంటి వరండాలో మెస్. బోర్డు కూడా సరిగ్గా లేదు. అరిటాకు భోజనం 110. ఎండిన ఉస్తికాయలు వేసిన వత్తకుళంబు పోశారు. చింతపండు పులుసే, కానీ నువ్వులనూనెలో ఉడికి ఉడికి నల్లగా, చిక్కగా, ఉస్తికాయ పంటికింద చేదుగా తగిలి వెంటనే పోతుంది. దాంతోపాటు కాల్చిన అప్పడం, అరటిపువ్వు కూర, పల్చటి మజ్జిగ. ముద్దపప్పు లేదని మొదట ముఖం చిట్లించిన మనిషి మూడోసారి పులుసు అడిగారు. వడ్డించే పెద్దాయన లేదనలేదు, నాలుగోసారి అడక్కుండానే పోశాడు. సాయంత్రం ఆండవర్ కొట్లో అశోకా కొన్నాం. పెసరపప్పు, నెయ్యి, చక్కెరతో చేసే హల్వా, ఈ ఊరి మిఠాయి. వేడిగా ఆకులో పెట్టిస్తారు. వేడిగానే తినాలి. చల్లారితే నెయ్యి పేరుకుంటుంది. ఇంటికని ఇంకో అర కిలో కట్టించుకున్నాం.

ఇక 18, శనివారం. పంచరత్నాల రోజు, అంటే త్యాగరాజస్వామి ఐదు రాగాల్లో కట్టిన ఐదు కీర్తనలను అందరూ కలిసి పాడే రోజు. అయిదున్నరకే పందిట్లో ఉన్నాం. అయినా ముందున్న పదిహేను వరసలూ విద్వాంసులకట. అడ్డుగా కట్టిన కట్టెల అవతలికి అక్కను వెళ్ళనివ్వలేదు. ‘నేను పాడతానండీ’ అంది ఇంగ్లీషులో, తెలుగులో, చేతులతో. వాలంటీరు కుర్రాడు వెనక్కి చూపించాడు, కాస్త విసుగ్గానే. సరిగ్గా అప్పుడే ఎవరో పెద్దమనుషుల కుటుంబం, మెడలో ఏ బ్యాడ్జీ లేకుండా, అదే సందులోంచి లోపలికి వెళ్ళింది. పిల్లాడి చేతిలో బెలూన్ కూడా ఉంది. అక్కకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పన్నెండేళ్ళ సంగీతం కదా.

మాకు దొరికింది ఆడవాళ్ళ వైపు, వెనక వరసల్లో. ఎదురుగా మగవాళ్ళు, మధ్యలో సమాధి దాకా దారి. మా పక్కన డెబ్భై దాటిన ఒక మామి, తొమ్మిది గజాల చీర, చేతిలో అట్ట ఊడిన పుస్తకం. కుంభకోణం నుంచి వచ్చారట. ఏటా వస్తారట. పుస్తకం తమిళ లిపిలో ఉంది, అక్షరాల మీద చిన్న చిన్న అంకెలు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కదా, ఏది పలకాలో తెలియడానికి 1, 2, 3, 4 వేసుకుంటారు. ‘అంకెలు చూసి తెలుగు పాడతారా!’ అని అక్క నా చెవిలో గొణిగింది. బ్యాడ్జీ కోపం ఇంకా తగ్గలేదు.

ఊరు మేలుకోకముందే మొదలైన నాగస్వరం ఆగింది. తిరుమంజన వీధిలోని త్యాగరాజస్వామి ఇంటి నుంచి ఉంఛవృత్తి భజన, అంటే పాడుతూ భిక్ష అడిగే ఊరేగింపు, వచ్చి చేరింది. వేణువుల మీద భైరవిలో ‘చేతులారా’ అయ్యాక, తొమ్మిదికి నాట రాగంలో మొదటి కీర్తన ఎత్తుకున్నారు. అన్ని వందల గొంతులు ఒక్కసారి లేస్తే ఏమవుతుందో రాయడం నా వల్ల కాదు. నేల మీద కూర్చున్నాం కదా, మృదంగాలు కింది నుంచి కూడా తెలుస్తాయి, అంత వరకు చెప్పగలను. నాట సంస్కృతం. గౌళతో తెలుగు మొదలవుతుంది. ఆరభికి అక్క ముఖం విప్పారింది. పుస్తకం లేకుండా, కళ్ళు మూసుకుని, ‘సమయానికి తగు మాటలాడెనె’ అన్న చోటల్లా తొడ మీద తాళం గట్టిగా పడుతోంది.

తర్వాత వరాళి రాగంలో ‘కనకన రుచిరా’. వరాళి నేర్పితే గురుశిష్యులకు చెడుతుందని ఒక నమ్మకం ఉంది. అక్క టీచర్‌గారు కూడా అందుకే నేర్పలేదు, విని నేర్చుకో అన్నారు. అక్క క్యాసెట్ విని నేర్చుకుంది, అదీ సగం. పల్లవి పాడింది, ఒక చరణం పాడింది, ఆ తర్వాత పెదవులు కదులుతున్నాయి గానీ మాట లేదు. చుట్టూ అంత హోరులో అది మామికి ఎలా తెలిసిందో! పుస్తకం అక్క వైపు జరిపి, పాడుతున్న పాదం మీద వేలు పెట్టారు. అక్కకు తమిళం ఒక్క అక్షరం రాదు. మామికి అది క్షణంలో అర్థమై, పుస్తకం మూసేశారు. అక్క వైపు వంగి, ఒక్కొక్క మాట అరక్షణం ముందు, కొంచెం గట్టిగా అందించడం మొదలుపెట్టారు. ‘ధ’ ధలాగే, ‘ఘ’ ఘలాగే ఉన్నాయి. అక్క అందుకుని పాడింది, చివరిదాకా. శ్రీరాగం వచ్చేసరికి ఇద్దరూ ఒకే పుస్తకం తిరగేస్తున్నట్టు పాడారు, పుస్తకం మామి ఒళ్ళో మూసే ఉంది.

అయ్యాక మామి, ‘నీంగ తెలుంగా?’ అని అడిగి, త్యాగరాజస్వామి మాటలు మీకు అర్థమవుతాయి కదా, అదృష్టవంతులు అన్నారు. ఒక మాటకు అర్థం కూడా అడిగారు. అక్క చెప్పలేకపోయింది. నేనూ చెప్పలేకపోయాను. ‘రుచిర’ అంటే అందం అని మాత్రం చెప్పాం. అది మామికి ముందే తెలుసు.

జనం పలచబడ్డాక సమాధి దగ్గరికి వెళ్ళాం. దానికి ఎదురుగా బెంగళూరు నాగరత్నమ్మ విగ్రహం చేతులు జోడించి కూర్చుని ఉంటుంది. తన ఆస్తి ఖర్చుపెట్టి ఈ మందిరం కట్టించింది ఆవిడే. ఇక్కడ ఆడవాళ్ళను పాడనివ్వని రోజుల్లో ఆడవాళ్ళతోనే వేరుగా ఆరాధన చేయించింది. ఎక్కువమంది ఆవిడను దాటి వెళ్ళిపోతారు, మీరు వెళ్ళకండి. పొద్దున కట్టెల దగ్గర జరిగింది అక్క ఆవిడకు చెప్పుకున్నట్టుంది, చాలాసేపు నిలబడింది. వెనక మెట్లు దిగితే కావేరి. జనవరిలో నీళ్ళుంటాయి, కాళ్ళు కడుక్కునేంత కాదు, నిజంగా పారే నీళ్ళు. మెట్ల మీద మాత్రం ప్లాస్టిక్ కప్పులు, పూలదండలు, తిని పారేసిన ఆకులు. మరుగుదొడ్ల గురించి అడక్కండి. ఆడవాళ్ళు లాడ్జి దగ్గరే చూసుకుని రావడం మంచిది, లాడ్జి ఎలాంటిదైనా సరే.

ఇంకో తప్పు మాదే. ఆ రాత్రి ఆంజనేయ ఉత్సవంతో ఆరాధన ముగుస్తుంది, అది చూడకుండా వెళ్ళకూడదని మామి చెప్పారు. మా తిరుగు రైలు ఆ రాత్రికే. టికెట్లు తీసింది మా ఆయన. ‘ఒక్క రోజు ఆగితే ఏం పోయేది మరిదిగారూ’ అంది అక్క. ‘ఇంకో 2,600 పోయేది వదినా, జీఎస్టీ కాక’ అన్నారు ఆయన. ఎవరూ నవ్వలేదు. మీరు పంచమి మర్నాటికి టికెట్ తీసుకోండి.

చెన్నైలో మధ్యాహ్నం పినాకిని ఎక్కాం. గూడూరు దాటేసరికి ఇంటికని కట్టించుకున్న అశోకా డబ్బా ఖాళీ అయిపోయింది. ఎవరు ఖాళీ చేశారో చెప్పనక్కర్లేదు. అక్క కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో వరాళి పెట్టుకుని, ఆపి ఆపి వింటూ, మా ఆయన డైరీలో లాడ్జి లెక్క రాసిన పేజీ వెనకవైపు చరణాలు రాసుకుంటోంది.