పిట్స్‌బర్గ్‌లో పద్నాలుగేళ్లు: ఇల్లు, ఖర్చు, మబ్బు

న్యూజెర్సీలో మా ఆడపడుచు వాళ్లు రెండు బెడ్‌రూమ్‌ల అపార్ట్‌మెంట్‌కి నెలకు కట్టే అద్దెలో సగం కూడా ఉండదు మా ఇంటి వాయిదా. మాది మూడు బెడ్‌రూమ్‌ల ఇటుక ఇల్లు, వెనక పెరడు, పెరట్లో ఎండాకాలం గోంగూర. 2011లో మా వారి ఉద్యోగం కోసం అమెరికాలోనే పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉన్న పిట్స్‌బర్గ్ వచ్చాం. రెండేళ్లుండి వెళ్లిపోదాం అనుకున్నవాళ్లం, 2015లో తూర్పు శివారులో 1,78,000 డాలర్లకు ఈ ఇల్లు కొనుక్కుని ఉండిపోయాం.

ఇళ్లు ఇంత చవకగా ఎందుకున్నాయో తెలిస్తే మనసు చివుక్కుమంటుంది. 1950లో ఈ నగర జనాభా 6 లక్షల 76 వేలు. స్టీలు మిల్లులు మూతపడ్డాక, ముఖ్యంగా 1980లలో, పని వెతుక్కుంటూ కుటుంబాలకు కుటుంబాలే వెళ్లిపోయాయి. 2020 జనాభా లెక్కల్లో మిగిలింది 3 లక్షల 3 వేలు. మనుషులు పోయారు, ఇళ్లు ఉండిపోయాయి. ఇప్పుడు ఊరికి అన్నం పెడుతున్నవి ఆసుపత్రులు, పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ, కార్నెగీ మెలన్ లాంటి యూనివర్సిటీలు.

ఈ చవక విలువ నాకు 2023లో తెలిసొచ్చింది. ఆ ఫిబ్రవరిలో మా వారి ఉద్యోగం పోయింది. గ్రీన్ కార్డు అంతకు ముందు ఏడాదే చేతికొచ్చింది కాబట్టి దేశం వదలాలన్న టెన్షన్ లేదు, అంతే. ఎనిమిది నెలలు ల్యాబ్ టెక్నీషియన్‌గా నాకొచ్చే జీతం ఒక్కటే. డైనింగ్ టేబుల్ మీద పాప పాత నోటుబుక్కు తెరిచి రాసుకున్నాం: ఇంటి వాయిదా, పన్నులతో కలిపి 1,150, కరెంటు, గ్యాస్, నీళ్లు 350, సరుకులు 600, రెండు కార్ల ఇన్సూరెన్స్ 190. పాప డాన్సు క్లాసు దగ్గర పెన్ను ఆగింది. కొట్టేయలేదు. ఎనిమిది నెలల్లో ఒక్క వాయిదా తప్పలేదు, ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు. ఖరీదైన ఊళ్లో ఉండి ఉంటే మూడో నెలలోనే సామాన్లు సర్దుకునేవాళ్లం.

కానీ ఆ ఎనిమిది నెలలు పట్టడానికి కారణం కూడా ఈ ఊరే. ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీలు తక్కువ. చివరికి ఆయనకు దొరికింది ఇంటి నుంచి చేసే ఉద్యోగం, వేరే రాష్ట్రం కంపెనీది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్ అయితే ఈ సంగతి బాగా ఆలోచించుకుని రండి.

పన్నుల లెక్క కూడా ముందే చూసుకోవాలి. పెన్సిల్వేనియా రాష్ట్ర ఆదాయపు పన్ను అందరికీ ఒకటే, 3.07 శాతం. దాని పైన స్థానిక పన్ను ఉంటుంది. పిట్స్‌బర్గ్ నగర పరిధిలో ఉంటే జీతంలో ఇంకో 3 శాతం, చాలా శివారుల్లో 1 శాతం. మేం శివారుకు రావడానికి సగం కారణం అదే. వంట సరుకుల మీదా మామూలు బట్టల మీదా అమ్మకం పన్ను లేదు, మిగతా చాలావాటికి 7 శాతం. ఇంటి పన్ను సంగతి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. కౌంటీ (మన జిల్లా లాంటిది) లెక్కలన్నీ 2012 నాటి ఇంటి విలువల మీదే నడుస్తాయి. మేం కొన్న మరుసటి ఏడాది, ఇంటి పన్నులో వాటా తీసుకుని ప్రభుత్వ బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లు అప్పీలు వేసి, మేం కొన్న ధర చూపించి మా విలువ పెంచారు. పక్కింటాయన అదే సైజు ఇంటికి నాకన్నా ఏడాదికి 1,400 డాలర్లు తక్కువ కడతారు. కొత్తగా వచ్చినవాళ్ల మీదే బరువు వేయడం అన్యాయం.

ఇక మబ్బు. నవంబరు నుంచి మార్చి దాకా ఆకాశం బూడిద రంగులోనే ఉంటుంది. ఒంగోలు ఎండలో పెరిగినదాన్ని, మొదటి చలికాలం కారణం లేకుండా ఏడుపొచ్చేది. డాక్టరు విటమిన్ డి రాశారు, రోజూ బయట నడవమన్నారు. ఇప్పటికీ రెండూ మానలేదు. గాలి కూడా అన్ని రోజులూ మంచిది కాదు. లోయల ఊరు కదా, చల్లగాలి కింద ఇరుక్కుపోయిన ఉదయాల్లో కర్మాగారాల పొగ పైకి పోదు. కిటికీ తీస్తే కుళ్లిన గుడ్ల వాసన. ఆ రోజుల్లో పాపను బయట ఆడుకోనివ్వను.

ఆ చలికాలాలు గడిచాయంటే పెన్‌హిల్స్ అనే శివారులో ఉన్న వెంకటేశ్వరస్వామి గుడి వల్లే. 1976లో కొండ మీద కట్టారు. అమెరికాలో మన పద్ధతిలో కట్టిన తొలి గుళ్లలో ఒకటి. మంచు కురిసిన ఆదివారం బూట్లు విప్పి లోపలికి వెళ్తే పాదాలు జివ్వుమంటాయి, దర్శనం అయ్యాక కింద క్యాంటీన్‌లో వేడి పులిహోర. అమ్మ వచ్చినప్పుడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంగువ సరిగ్గా పడిందే అమ్మాయ్" అంది. ఇక్కడికొచ్చాక ఆమె ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు. ఇండియాకు నేరుగా విమానం లేదు గానీ, లండన్‌లో ఒక్కసారి మారితే హైదరాబాద్.

కిందటేడు డాలస్ నుంచి మా వారికి మంచి ఆఫర్ వచ్చింది. స్నేహితులందరూ అక్కడే. మళ్లీ అదే నోటుబుక్కు తీశాం. ఎక్కువ వచ్చే జీతమంతా అక్కడి ఇంటి ధరకే పోయేలా ఉంది. వెళ్లలేదు.

రావాలనుకునేవాళ్లకు ఇంటి గురించి ఒక మాట. ఇక్కడివన్నీ పాత ఇళ్లు. బేస్‌మెంట్‌లో గోడా తలుపూ లేకుండా ఒక కమోడ్ కనిపిస్తే కంగారు పడకండి, మిల్లు నుంచి వచ్చిన కార్మికులు అక్కడే మసి కడుక్కుని పైకొచ్చేవారని చెబుతారు. కంగారు పడాల్సింది నీటి గురించి. 2018లో ఈ ఊరి రికార్డుల్లోనే అన్నిటికన్నా ఎక్కువ వాన పడింది. ఒక రాత్రి రెండింటికి బేస్‌మెంట్‌లోకి దిగితే చీలమండల దాకా నీళ్లు, అందులో రెండు సోనామసూరి బస్తాలు నాని ఉబ్బిపోయి ఉన్నాయి. కాలువ తవ్వించి పంపు పెట్టించడానికి 9,000 డాలర్లయింది. నేల కింద పాత బొగ్గు గనులుంటే ఇల్లు కుంగే ప్రమాదం ఉంది, మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో అది రాదు. దానికి రాష్ట్ర ప్రభుత్వమే వేరే పాలసీ ఇస్తుంది, తీసుకోండి. ఇల్లు చూడటానికి గట్టి వాన పడిన మర్నాడు వెళ్లండి. వంటగది తర్వాత చూద్దురు గానీ, ముందు బేస్‌మెంట్‌లోకి దిగి, గోడ అడుగు వరసన చెయ్యి ఆనించి చూడండి.