ఓ సేవాసంస్థ ద్వారా కెన్యాలో మీరు చదివిస్తున్న బిడ్డను చూసి రావాలా, ఆ డబ్బుతో ఇంకో బిడ్డను చదివించాలా?

ఖర్చు: అమెరికా నుంచి నలుగురు వెళ్తే టికెట్లకే వేల డాలర్లు. ఇంకో బిడ్డకు నెలకు 40 డాలర్ల చొప్పున చందా కడితే ఏడాదికి 480. వారానికొక బయటి భోజనం మానుకుంటే వచ్చేస్తుంది.

శ్రమ: ఆ బిడ్డకు ఉత్తరం రాయడానికి అరగంట చాలు. వెళ్లాలంటే సంస్థకు చాలా ముందే చెప్పాలి. నేరచరిత్ర తనిఖీ, కెన్యా ఈటీఏ (ఆన్‌లైన్‌లో ముందే తీసుకునే ప్రయాణ అనుమతి) తప్పవు. అటునుంచే హైదరాబాద్ వచ్చేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా కార్డు ఉండాలి, టీకా 10 రోజుల ముందే పడాలి. లేకపోతే విమానాశ్రయం నుంచే క్వారంటైన్‌కు పంపుతారు.

ముప్పు: ఖరీదైన కానుకలిస్తే ఇరుగుపొరుగు పిల్లల మధ్య ఆ బిడ్డకే ఇబ్బంది. బంతి, పెన్సిళ్లు, మీ ఇంటిల్లిపాది ఫొటో చాలు. ఫోన్ నంబర్ ఇవ్వొద్దు.

ఏళ్లుగా ఉత్తరాలు నడుస్తూ, మీ పిల్లలకూ ఊహ తెలిసుంటే తప్పక వెళ్లండి, ఇద్దరే అయినా సరే. అప్పు చేయాల్సి వస్తే మాత్రం రెండో బిడ్డకే నా ఓటు.