జిలాంగ్ క్యాట్స్ వెంట: గ్రౌండ్లు, బసలు, తిరుగు ప్రయాణాలు

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ జట్టు వెంట తిరిగేవాళ్లు మొదట టికెట్ గురించి కంగారు పడతారు. నిజానికి కంగారు పడాల్సింది మ్యాచ్ అయ్యాక బయటపడటం గురించి. పోయేటప్పుడు జనం రెండు గంటల వ్యవధిలో తలా ఒక టైముకి చేరతారు. వచ్చేటప్పుడు అంతమందీ ఒక్కసారే గేటు దాటతారు. అందుకే కింద రాసిన గ్రౌండ్లన్నిటినీ ఒకే లెక్కన తూచాం: ఆఖరి సైరన్ మోగాక మంచం దాకా చేరడానికి ఎంత తిప్పలు?

జట్టు జిలాంగ్ క్యాట్స్. 1859లో పుట్టిన క్లబ్, నీలం తెలుపు అడ్డచారల జెర్సీ, 2022 వరకు పది ప్రీమియర్‌షిప్‌లు (లీగ్ టైటిళ్లు). మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉండే మనవాళ్లకి ఈ జట్టు వెంట తిరగడంలో ఒక వెసులుబాటు ఉంది. జిలాంగ్ వెళ్లే వీలైన్ (విక్టోరియా రాష్ట్ర దూరప్రాంత సర్వీసు) రైలు టార్నీట్, విండమ్ వేల్ మీదుగానే పోతుంది. మెల్‌బోర్న్ సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి జిలాంగ్‌కి గంట పడితే, టార్నీట్‌లో ఎక్కినవాళ్లకి ఇంకా తక్కువ. రైలు, ట్రామ్, బస్సులకి వాడే మామూలు మైకీ కార్డే చాలు. 2023 మార్చి ఆఖరు నుంచి రోజువారీ చార్జీ ఊళ్లో తిరిగినా జిలాంగ్ దాకా పోయినా ఒకే పరిమితికి లోబడి ఉంటుంది కాబట్టి, దూరమని అదనంగా కట్టేదేమీ లేదు.

ముందు టైం లెక్క తెలియాలి, ఎందుకంటే బుకింగులన్నీ దాని మీదే ఆధారపడతాయి. ఆటలో నాలుగు క్వార్టర్లు. ఒక్కోటి 20 నిమిషాలంటారు. కానీ గోల్ పడ్డాక, బంతి గీత దాటాక గడియారం ఆపుతారు గనక ఒక్కో క్వార్టర్ అరగంట దాకా సాగుతుంది. మధ్యలో 6, 20, 6 నిమిషాల విరామాలు. మొత్తం రెండున్నర గంటల పైమాటే. రాత్రి 7:40కి మొదలైన మ్యాచ్ 10:15కి ముందు అయిపోతుందని ఏ రైలూ పెట్టుకోవద్దు.

రెండోది ఫిక్చర్, అంటే ఆటల షెడ్యూలు. సీజన్ మొత్తం జాబితా ముందే వస్తుంది గానీ, తర్వాతి రౌండ్లకి తేదీ, టైం మాత్రం విడతలవారీగా తర్వాత ప్రకటిస్తారు. పెర్త్‌లో ఆట ఏ వారమో తెలుస్తుంది, శుక్రవారం రాత్రో ఆదివారం మధ్యాహ్నమో తెలియదు. టీవీవాళ్లకి మంచి పోటీలు మంచి టైంలో కావాలి కదా. ఈలోగా చవక విమానం టికెట్ కనబడిందని శనివారానికి కొనేస్తే, ఆట ఆదివారానికి పడినప్పుడు మార్పు రుసుముతో పాటు కొత్త చార్జీ తేడా కూడా నెత్తిన పడుతుంది. హోటల్ మాత్రం ఉచితంగా రద్దు చేసుకునే రకంలో శుక్ర, శని, ఆదివారాలు మూడు రాత్రులూ ముందే పట్టేసి, టైం ఖరారయ్యాక అక్కర్లేనివి వదిలెయ్యడం మంచిది. విమానం టికెట్ టైం ఖరారయ్యాకే కొనాలి.

సొంత గ్రౌండు కార్డినియా పార్క్. ప్రస్తుతం జీఎంహెచ్‌బీఏ స్టేడియం అని పేరు పెట్టుకున్నా ఊళ్లోవాళ్లకి అది కార్డినియా పార్కే. ఉత్తరం వైపు జోయెల్ సెల్‌వుడ్ స్టాండ్ వచ్చాక సుమారు 40,000 మంది పడతారు. ఇక్కడికి వెళ్లేవాళ్లు చేసే పొరపాటు జిలాంగ్ స్టేషన్‌లో దిగిపోవడం. అక్కడి నుంచి నడక పాతిక నిమిషాలు. అదే రైలు ముందుకు పోయేదైతే తర్వాతి స్టేషన్ సౌత్ జిలాంగ్‌లో దిగండి, పది పన్నెండు నిమిషాల్లో గేటు ముందుంటారు. అన్ని రైళ్లూ అక్కడిదాకా పోవు, బోర్డు చూసి ఎక్కాలి.

వచ్చేటప్పుడు మాత్రం దీనికి తిరగేసి చెయ్యాలి. సౌత్ జిలాంగ్ చిన్న స్టేషన్, ప్లాట్‌ఫాం నిండిపోతుంది. చిన్నపిల్లలు లేకపోతే మూరబూల్ స్ట్రీట్ వెంబడి ఊళ్లోకి నడిచి జిలాంగ్ స్టేషన్‌లో ఎక్కడం నయం, దారిలో తినడానికేదైనా దొరుకుతుంది. మ్యాచ్ రోజుల్లో అదనపు రైళ్లు వేస్తుంటారు. అసలు చిక్కు పట్టాల పనులున్న వారాంతాల్లో. రైళ్లు ఆపి బస్సులు వేస్తారు, గంట ప్రయాణం గంటన్నర దాటుతుంది. బయల్దేరే రెండ్రోజుల ముందు, మళ్లీ ఆ రోజు పొద్దున వీలైన్ ప్రకటనలు చూడటం అలవాటు చేసుకోండి.

సీటు సంగతి. ఈ మైదానం పొడవు సుమారు 170 మీటర్లు, వెడల్పు 115 మాత్రమే. ఎంసీజీతో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) పోలిస్తే సన్నం. దాంతో ఆట గీత పక్కనే ఎక్కువగా నలుగుతుంది, రెక్కల వైపు, అంటే మైదానం పొడవాటి పక్కల్లో, కూర్చున్నవాళ్లకి ఆటగాళ్ల అరుపులు కూడా వినిపిస్తాయి. ఈ గ్రౌండుకి రెక్కల సీటే నా ఓటు. గోల్ వెనకాల కూర్చుంటే ఎదురుగా వచ్చే ఎత్తుగడ బాగా అర్థమవుతుంది గానీ అవతలి కొస 170 మీటర్ల దూరం. ఇక్కడ సూర్యుడు ఉత్తరాన ఉంటాడని మనకి ఓ పట్టాన గుర్తుండదు. మధ్యాహ్నం ఆటకి దక్షిణం వైపు ప్లేయర్స్ స్టాండ్‌లో కూర్చుంటే ఎండ సరిగ్గా మొహాన కొడుతుంది. జూలైలో అదే ఎండ వరం. సెల్‌వుడ్ స్టాండ్ నీడలో కాళ్లు కొయ్యబారిపోతాయి. ముందు వరసలు ఎక్కడ తీసుకున్నా వాన పడుతుంది, పైకప్పు ఉన్నా జల్లు గాలితో లోపలికి కొడుతుంది. గొడుగు విప్పితే వెనకవాళ్లు ఊరుకోరు, ప్లాస్టిక్ పాంచో తెచ్చుకోండి.

ఆటకి ముందు మైదానంలోకి ఆటగాళ్లు చింపుకుంటూ వచ్చే పెద్ద బ్యానర్ దగ్గర్నుంచి చూడదగ్గది. అది గుడ్డ కాదు. క్రేప్ కాగితం పట్టీలని టేపుతో అతికించి, ఒక్కో అక్షరం విడిగా కత్తిరించి, అభిమానుల చీర్ స్క్వాడ్ వాళ్లు వారంలో సాయంత్రాలు కూర్చుని చేస్తారు. రెండు కర్రల మధ్య తాళ్లతో లేపుతారు. గాలి పక్కనుంచి కొడితే కెప్టెన్ చేరేలోపే మధ్యలో చీలిపోతుంది, వాన పడితే రంగు కారి కాగితం మెత్తబడుతుంది. ఇరవై నిమిషాల ముందే సీట్లో ఉంటే ఈ లేపడం మొత్తం కనబడుతుంది.

జిలాంగ్‌లో రాత్రి ఉండాలంటే రెండు రకాలు. సముద్రపొడ్డున నోవోటెల్, ఊరి మధ్య రిడ్జెస్ లాంటి హోటళ్లు. మూరబూల్ స్ట్రీట్ ఒడ్డు నుంచి తిన్నగా గ్రౌండుకే పోతుంది, రెండు కిలోమీటర్ల లోపు, వాహనం అక్కర్లేదు. చవకగా కావాలంటే బార్వన్ నది అవతల బెల్‌మాంట్ వైపు మోటెళ్లు. గది ముందే కారు నిలుపుకోవచ్చు, ఆట రోజు కారు కదపకుండా వంతెన మీదుగా నడిచిపోవచ్చు. కుటుంబంతో వస్తే మోటెల్‌కే నా ఓటు, హీటరు బాగా పనిచేస్తుందో లేదో మాత్రం సమీక్షల్లో చూసుకోండి. కారులో వచ్చి గ్రౌండు చుట్టుపక్కల వీధుల్లో నిలిపేవాళ్లు మ్యాచ్ రోజు పరిమితుల బోర్డు చదవాలి, జరిమానా రాసేవాళ్లు సరిగ్గా ఆ వేళకే తిరుగుతుంటారు.

ఇక ఎంసీజీ. లక్ష మంది పట్టే మైదానం. క్యాట్స్ సొంత ఆటలు కొన్ని ఇక్కడే పడతాయి, ఈస్టర్ సోమవారం హాథార్న్ జట్టుతో ఆట ఏటా ఇక్కడే చూడటం రివాజు. స్టేషన్లు రెండు, రిచ్‌మండ్, జోలిమాంట్. ఆట అయ్యాక రెండింటి దగ్గరా బారులే. జిలాంగ్ వైపు పోయేవాళ్లు సదరన్ క్రాస్ చేరాలి, రిచ్‌మండ్‌లో ఆగిన ప్రతి రైలూ అక్కడికి పోదు. అందుకని విలియం బరాక్ వంతెన మీదుగా బిర్రారంగ్ మార్ పార్కులోంచి ఫ్లిండర్స్ స్ట్రీట్ దాకా నడిచెయ్యండి, ఇరవై నిమిషాలు. అక్కడి నుంచి ఉచిత ట్రామ్ పరిధి మొదలవుతుంది. ఎంసీజీ పక్కనే ట్రామ్ ఎక్కితే మాత్రం అది ఉచిత పరిధి బయట, మైకీ టచ్ చెయ్యాలి. ఈ తేడా తెలియక టికెట్ తనిఖీలో దొరికిపోయేవాళ్లు తక్కువేం కాదు.

పై అంతస్తు సీట్లు నిటారుగా ఉంటాయి, ఎత్తు భయం ఉన్నవాళ్లు తప్పించుకోవాలి. కానీ ఆట అల్లిక చూడాలనుకునేవాళ్లకి రెండో అంతస్తు రెక్కల వైపు సీటుకి సాటి లేదు. రాత్రి ఆటకి మెల్‌బోర్న్‌లో ఆగేవాళ్లు ఎంసీజీ పక్కన ఈస్ట్ మెల్‌బోర్న్‌లో గది తీసుకుంటారు. అది ఆట ముందు సుఖం, మర్నాడు పొద్దున్నే కష్టం. సదరన్ క్రాస్ స్టేషన్ ఉన్న స్పెన్సర్ స్ట్రీట్ వైపు ఉంటే మర్నాడు రైలైనా, ఎయిర్‌పోర్ట్‌కి స్కైబస్ అయినా రోడ్డు దాటితే చాలు. డాక్‌ల్యాండ్స్ స్టేడియం కూడా అక్కడే, సదరన్ క్రాస్ నుంచి పాదచారుల వంతెన దాటితే గేటు. కప్పు మూసేస్తారు కాబట్టి వాన బాధ లేదు. తిరుగు ప్రయాణం లెక్కన చూస్తే విక్టోరియాలో దీనంత తేలికైనది ఇంకోటి లేదు. ఆట వాతావరణం మాత్రం కప్పు కింద కాస్త చప్పగా ఉంటుంది.

రాష్ట్రం దాటితే ఒక విషయం బుర్రలో పెట్టుకోవాలి. సిడ్నీ, అడిలైడ్, గోల్డ్ కోస్ట్ విమానాశ్రయాల్లో రాత్రి 11 నుంచి పొద్దున 6 వరకు కర్ఫ్యూ. రాత్రి ఆట చూసి అదే రాత్రి ఇంటికి రావడం అక్కడ కుదరదు, గది ఖర్చు ఎలాగూ తప్పదు. పెర్త్, బ్రిస్బేన్‌లో ఆ నిషేధం లేదు.

పెర్త్ ప్రయాణం దూరమే గానీ గ్రౌండు సేవల్లో అన్నిటికన్నా ముందుంది. 2018లో తెరిచిన ఆప్టస్ స్టేడియంలో 60,000 మంది పడతారు, పక్కనే సొంత రైల్వే స్టేషన్. ఆట అయ్యాక ఏ మార్గం వాళ్లని ఆ వరసలోకి మళ్లిస్తారు, జనం ఎంత ఉన్నా వరస కదులుతూనే ఉంటుంది. ఈస్ట్ పెర్త్‌లో గది తీసుకుంటే అదీ అక్కర్లేదు, మటగారప్ వంతెన మీదుగా స్వాన్ నది దాటి నడిచి వచ్చెయ్యొచ్చు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి 2022 నుంచి రైలుంది. చలికాలంలో పెర్త్ టైం మెల్‌బోర్న్‌కి రెండు గంటలు వెనక. తూర్పు తీరం టీవీ కోసం రాత్రి ఆటలు అక్కడ పెందలాడే మొదలవుతాయి గనక, ఆట చూసి అర్ధరాత్రి విమానం ఎక్కితే తెల్లారేసరికి మెల్‌బోర్న్‌లో దిగుతారు. నిద్ర మాత్రం మూడు గంటలకి మించదు, ఆ రోజు సెలవు పెట్టుకునే ఉండాలి. టికెట్లే ఇక్కడ ఇబ్బంది. అక్కడి జట్లు వెస్ట్ కోస్ట్, ఫ్రీమాంటిల్‌ల సభ్యులకి పోగా బయటివాళ్లకి మిగిలేవి తక్కువ, అమ్మకం తెరిచిన రోజే కూర్చోవాలి.

అడిలైడ్ ఓవల్ అందంలో ఒకటో స్థానం. ఉత్తరం కొసన పచ్చిక గట్టు, పాత మర్రిజాతి చెట్లు, 1911 నాటి చేత్తో తిప్పే స్కోర్ బోర్డు. రైల్వే స్టేషన్ వెనక టారెన్స్ నది మీద నడక వంతెన దాటితే మైదానమే. నార్త్ టెరేస్ మీద గది పడితే కారే అక్కర్లేదు. జిలాంగ్ నుంచి రోడ్డున 700 కిలోమీటర్ల పైచిలుకు, చీకటి పడే వేళ కంగారూలు రోడ్డెక్కుతాయి కాబట్టి పొద్దున బయల్దేరి ఎండ ఉండగానే చేరాలి. గ్యాదర్ రౌండ్ వారం మాత్రం వేరే కథ. 2023 నుంచి ఏటా ఒక రౌండ్ మొత్తం, తొమ్మిది ఆటలూ దక్షిణ ఆస్ట్రేలియాలోనే ఆడిస్తున్నారు. 18 జట్ల జనం ఒక్క ఊరి మీద పడతారు, హోటల్ ధరలు మామూలు వారంతో పోలిక లేకుండా పెరుగుతాయి.

సిడ్నీలో ఎస్‌సీజీకి (సిడ్నీ క్రికెట్ గ్రౌండ్) లైట్ రైల్ మూర్ పార్క్ స్టాప్ ఉంది, తిరుగులో వరస కన్నా సెంట్రల్ దాకా నడకే తొందరగా అవుతుంది. బ్రిస్బేన్‌లో బస్సయినా రైలయినా 50 సెంట్లే. అక్కడి మైదానం గబ్బాకి సౌత్ బ్యాంక్‌లో గది తీసుకుంటే నడిచి రావచ్చు. మార్చిలో అక్కడ ఉక్క ఎక్కువ, రాత్రయ్యేసరికి బంతి సబ్బు ముక్కలా జారుతుంది, మంచి ఆట ఆశించి పోవద్దు.

తిండి గురించి. గ్రౌండుల్లో రాజ్యమేలేది మీట్ పై, అది బీఫ్. గొడ్డుమాంసం తిననివాళ్లు కౌంటర్ దగ్గర అడిగి తీసుకోవాలి, చిప్స్ అయితే అన్నిచోట్లా దొరుకుతాయి. ఎంసీజీలోకి ఇంటి తిండి తీసుకెళ్లనిస్తారు, గాజు సీసాలు, డబ్బా పానీయాలు, మద్యం మాత్రం ఆపేస్తారు. పులిహోర ప్లాస్టిక్ డబ్బాలో సర్దుకుపోతే హాఫ్ టైం వరసలో నిలబడే పని తప్పుతుంది. టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది. గేటు దగ్గర జనంలో సిగ్నల్ చచ్చిపోతుంది కాబట్టి స్టేషన్‌లో ఉండగానే వాలెట్‌లోకి దింపుకోండి.

సెప్టెంబర్ ఫైనల్స్‌కి ఈ ప్రణాళికలేవీ పనిచెయ్యవు. గ్రాండ్ ఫైనల్‌కి ముందు ఆడే ప్రిలిమినరీ ఫైనల్ ఎవరితో, ఎక్కడ అన్నది వారం ముందు గానీ తేలదు. గ్రాండ్ ఫైనల్ ఎంసీజీలో అని ముందే తెలుసు, కానీ టికెట్లు రెండు జట్ల సభ్యులకి వాళ్ల సభ్యత్వం రకాన్ని బట్టి, లాటరీ పద్ధతిలో వెళ్తాయి. గ్రాండ్ ఫైనల్ టికెట్ హక్కుతో వచ్చే సభ్యత్వం ఖరీదెక్కువ. పశ్చిమ శివార్లలో ఉండేవాళ్లకి ఆ వారం హోటల్ ఖర్చు లేదు కాబట్టి, ఆ మిగులుని సభ్యత్వంలో పెట్టడం లెక్కకి సరిపోతుంది. వేరే రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లు జట్టు గెలుస్తుందో లేదో తెలియకముందే, జూలైలోనే, రద్దు చేసుకోగల గది ఒకటి పట్టి ఉంచుకోవాలి.