ఫంగల్ కల్చర్ టెస్ట్: రెండోసారి తెల్లపూత వచ్చినప్పుడే చేయించుకోవాల్సింది

ఎనిమిది నెలల్లో నాలుగుసార్లు నా నాలుక మీద తెల్లపూత వచ్చింది. నాకు హెచ్ఐవీ ఉంది. అప్పటికి సీడీ4 కౌంట్ (రోగనిరోధక శక్తిని చూపే రక్తకణాల లెక్క) 84, అంటే బాగా తక్కువ. వచ్చినప్పుడల్లా రెండు వారాలు ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందు. నాలుగో రోజుకి పూత పలచబడేది, నీళ్లు మింగినప్పుడు వచ్చే మంట తగ్గేది. కోర్సు అయిన కొన్ని వారాలకి మళ్లీ మొదలు. "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని ప్రతిసారీ అదే ప్రశ్న. ఒక్క పూట కూడా తప్పలేదని చెప్పినా నమ్మేవాళ్లు కాదు. చివరికి ఒక డాక్టరు ఫంగల్ కల్చర్ (ఫంగస్‌ని ల్యాబ్‌లో పెంచి చూడటం), సెన్సిటివిటీ (అది ఏ మందుకి లొంగుతుందో చూడటం) రాశారు. ఆ టెస్ట్ చేసిన ల్యాబ్ గురించే ఈ రివ్యూ.

శాంపిల్ తీయడం రెండు నిమిషాల పని. మౌత్‌వాష్ వాడారా, ఏమైనా మాత్ర వేసుకున్నారా అని అడిగాకే టెక్నీషియన్ స్వాబ్ తీశారు. రిపోర్టు అయిదో రోజు వచ్చింది. అడిగితే నన్ను లోపలికి పిలిచి ఫంగస్ పెంచిన ప్లేటు కూడా చూపించారు. నున్నగా ఆకుపచ్చ చుక్కలు, వాటి మధ్యలో లేత గులాబీ రంగులో, ఎండిపోయినట్టు గరుకుగా ఇంకో రకం. ఆకుపచ్చవి క్యాండిడా ఆల్బికన్స్, గులాబీవి క్యాండిడా క్రూసీ; రెండూ క్యాండిడా అనే ఫంగస్‌లో రకాలే. రంగుని బట్టి అనుమానం మాత్రమే వస్తుందట, వేరే పరీక్షతో ఖాయం చేశామన్నారు.

రిపోర్టులో ఆల్బికన్స్ ఎదురుగా ఫ్లుకోనజోల్ ఎంఐసీ (ఫంగస్ పెరగకుండా ఆపే కనీస మందు మోతాదు) 0.5, పక్కన 'ఎస్'. అంటే కొంచెం మందుకే దాని పెరుగుదల ఆగిపోతుంది. క్రూసీ ఎదురుగా నంబరే లేదు, ఉత్త 'ఆర్'. ఫ్లుకోనజోల్‌కి అది పుట్టుకతోనే లొంగదు. నేను వేసుకున్న ప్రతి కోర్సూ ఆల్బికన్స్‌ని తగ్గించి, క్రూసీకి చోటు చేసిపెట్టింది. ఆ కాగితం పట్టుకుని మెట్ల మీదే కాసేపు కూర్చుండిపోయాను. ఎనిమిది నెలలుగా నన్నే అనుమానించారు. చివరికి నన్ను నేనే అనుమానించుకునేదాకా వచ్చింది.

నా ఏఆర్‌టీలో (హెచ్ఐవీ మందుల్లో) ఎఫావిరెంజ్ అనే మందు లేదని చూసుకున్నాకే డాక్టరు పోసకోనజోల్ అనే ఇంకో ఫంగస్ మందు రాశారు. ఎఫావిరెంజ్ ఉంటే రక్తంలో పోసకోనజోల్ బాగా పడిపోతుందట. సీడీ4 పెరగకపోతే ఏ మందూ ఎక్కువ కాలం కాపాడదని, ఏఆర్‌టీ ఒక్క రోజు కూడా ఆపొద్దని గట్టిగా చెప్పారు. నోరు శుభ్రపడింది, ఇప్పటిదాకా తిరగబెట్టలేదు.

అయిదుకు నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి తగ్గించింది రిసెప్షన్‌కి. ఫారంలో ఉన్న నా హెచ్ఐవీ సంగతి క్యూ అంతా వినేలా పైకి చదివారు. అది క్షమించరాని పని. మేనేజర్‌కి రాసిచ్చాను.

వెళ్లేవాళ్లు ఇంతకుముందు వాడిన యాంటీఫంగల్ మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. ఫారంలో ఫంగస్ జాతి గుర్తింపు, సెన్సిటివిటీ రెండూ టిక్ చేశారో లేదో చూసుకోండి. అంతకుముందు ఇంకోచోట ఉత్త కల్చర్ చేయిస్తే 'ఈస్ట్ పెరిగింది' అని, అంటే ఏదో ఫంగస్ ఉందని, ఒక్క లైను రాసిచ్చి పంపేశారు.