చుట్టమల్లే, సూసేకి, గోదారి గట్టు: 2024 పాటల్లో ఏది మేలు?

2024లో వచ్చిన తెలుగు సినిమా పాటల్లో నేను మళ్ళీ మళ్ళీ విన్నవి మూడు. మే నెలాఖరులో వచ్చిన 'పుష్ప 2' పాట సూసేకి, ఆగస్టు మొదట్లో వచ్చిన 'దేవర' పాట చుట్టమల్లే, డిసెంబర్ మొదటి వారంలో వచ్చిన 'సంక్రాంతికి వస్తున్నాం' పాట గోదారి గట్టు మీద. మూడూ పెద్ద హిట్లే. మూడూ ప్రేమ పాటలే. మూడింటికీ రీల్స్ చేశారు, పెళ్ళిళ్ళలో వేశారు, ఆటోల్లో మోగించారు. కానీ తయారైన తీరు చూస్తే ఒక్కోదానిది ఒక్కో దారి. మన పాట ఇక ముందు ఎటు పోతే బాగుంటుందో తేల్చుకోవడానికి ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి వింటే చాలు. నా ఓటు గోదారి గట్టుకే. అలాగని మిగతా రెండూ తీసిపారేసే పాటలు కావు. అందుకే వాటి సంగతి ముందు మాట్లాడాలి.

చుట్టమల్లేలో నాకు మొదట నచ్చింది దాని నడక. అనిరుధ్ అంటే హీరో ఎంట్రీకి దద్దరిల్లే సౌండ్ అని అందరికీ అలవాటైపోయింది. ఇక్కడ ఆయన ఎక్కడా తొందరపడలేదు. బీట్ మెత్తగా వెళుతుంటుంది, దాని మీద శిల్పా రావు గొంతు కొంచెం జీరతో, చెవి పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. రామజోగయ్య శాస్త్రి మాటలు కూడా ట్యూన్‌లో ఒదిగిపోయాయి. పల్లవి మధ్యలో చిన్న ఖాళీ వస్తుంది చూడండి, అక్కడ జనం 'ఆ' అని అరవడం మొదలుపెట్టారు. ఆ అరుపు ఆ తర్వాత ఎక్కడ ఈ పాట పెట్టినా వినిపించింది. పాటలో వదిలిన ఖాళీని వినేవాళ్ళు తమ గొంతుతో పూరించారంటే ఆ సంగీత దర్శకుడు లెక్క సరిగ్గా వేసుకున్నట్టే.

నాకు ఇబ్బందిగా అనిపించింది చరణం దగ్గర. పల్లవి తెచ్చిన మత్తు చరణంలో అలాగే కొనసాగుతుంది గానీ కొత్త మలుపేమీ ఉండదు. నాలుగైదు సార్లు విన్నాక మనసు పల్లవి దగ్గరే ఆగిపోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రిపూట వినడానికి మాత్రం ఆ ఏడాది దీన్ని మించింది లేదు.

సూసేకి దగ్గరికొస్తే, రాతలో మూడింటిలోనూ ఇదే మొదటిది. బయటికి నిప్పురవ్వలా కనిపించే మొగుడు తన దగ్గరికొచ్చేసరికి పత్తిపువ్వంత మెత్తనైపోతాడని ఒక భార్య మురిసిపోతూ చెప్పుకునే పాట ఇది. చంద్రబోస్ దీన్ని చిత్తూరు యాసలో రాశారు. ఆరు భాషల్లో విడుదలయ్యే పాటకి పేరే 'సూసేకి' (చూడటానికి) అని పెట్టడానికి ధైర్యం కావాలి. గుంటూరు, వరంగల్ శ్రోతలకు కూడా అది కొంచెం కొత్తగా వినిపించే మాటే. అయినా శేషాచలం కొండల పక్క మనిషి అలాగే మాట్లాడతాడు కాబట్టి అలాగే ఉంచారు. దేవిశ్రీ ప్రసాద్ ట్యూన్ కూడా జానపదం వరసలోనే తిరుగుతూ, పాడుకోవడానికి వీలుగా ఉంటుంది. శ్రేయా ఘోషల్ 'ఒక్కడు' రోజుల నుంచి, అంటే 2003 నుంచి, తెలుగులో పాడుతున్నారు. ఆమె పలుకులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

అయితే ఇక్కడే ఒక మార్పు గమనించాలి. 2021లో మొదటి 'పుష్ప' వచ్చినప్పుడు సామి సామి పాటని తెలుగులో మౌనికా యాదవ్ పాడింది. జానపదాలు పాడుకుంటూ వచ్చిన అమ్మాయి. అదే పాట హిందీలో సునిధి చౌహాన్, తమిళంలో రాజలక్ష్మి. ఊ అంటావా పాటని తెలుగులో ఇంద్రావతి చౌహాన్ పాడితే తమిళంలో ఆండ్రియా. అంటే ట్యూన్ ఒకటే అయినా, ఏ భాషలో ఆ భాష గొంతు. ఆ గొంతుల వల్లే ఒక్కో వెర్షన్‌కీ ఒక్కో రుచి వచ్చింది. మూడేళ్ళు తిరిగేసరికి సూసేకిని తెలుగు, హిందీ, తమిళం, కన్నడం, మలయాళం, బెంగాలీ ఆరింటిలోనూ శ్రేయా ఘోషల్ ఒక్కరే పాడారు. ఆమె అంత గొప్ప గాయని కాబట్టి పాట నిలబడింది. కానీ ఇదే పద్ధతి అయిపోతే మౌనికా యాదవ్ లాంటి అమ్మాయికి అవకాశం ఎక్కడ దొరుకుతుంది?

పుష్ప 2, దేవర రెండింటి ఆడియో హక్కులూ టి-సిరీస్‌వే. హిందీ మార్కెట్ పెద్దది, సినిమా బడ్జెట్ పెద్దది, పాట అన్ని చోట్లా ఒకేసారి మోగాలి. వ్యాపారంగా చూస్తే ఇందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ దాని ప్రభావం పాట పుట్టే చోటే పడుతుంది. మన సినిమాల్లో ఎక్కువగా ట్యూన్ ముందు, రాత తర్వాత. ఒకే ట్యూన్‌లో ఆరు భాషలు ఇమడాలంటే ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ తుంచాలి అన్నది ముందే ఖాయమైపోతుంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, చివర్లో ఎంతసేపైనా పట్టి ఉంచొచ్చు. హిందీ మాట చాలాసార్లు హల్లు దగ్గర టక్కున ఆగుతుంది. రెండింటికీ పనికొచ్చే ట్యూన్ కట్టాలంటే ఏదో ఒకటి సర్దుకోవాలి. సర్దుకోవడం ఇష్టం లేనప్పుడు సులువైన ఉపాయం, ఏ భాషకీ చెందని మాటని హుక్ (పాటలో తిరిగి తిరిగి వచ్చి చెవిలో నిలిచిపోయే ముక్క) చేసేయడం. 2024 హుక్‌లు ఒకసారి గుర్తు చేసుకోండి: 'పుష్ప 2'లో పుష్ప పుష్ప, కిస్సిక్, పీలింగ్స్, 'దేవర'లో దావూది. హీరో పేరు, కెమెరా చప్పుడు, యాసలో పలికిన ఇంగ్లిష్ మాట. తర్జుమా అవసరం లేనివే అన్నీ. పీలింగ్స్‌కైతే అన్ని భాషల్లోనూ మొదలు మలయాళమే. దావూదిని సినిమా విడుదలైనప్పుడు థియేటర్లో అసలు చూపించనే లేదు, తర్వాత కలిపారు. కథ లేకపోయినా పాట మోగుతుంది, పాట లేకపోయినా కథ నడుస్తుంది. పాటకీ కథకీ ఇంత ఎడం రావడం నాకు బాధగానే ఉంది.

ఈ వరసలో 'గుంటూరు కారం' పాట కుర్చీ మడతపెట్టి గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2023 డిసెంబర్ ఆఖర్లో వచ్చి 2024 అంతా మోగింది. ఇంటర్నెట్‌లో పాకిపోయిన ఒక మాటని తీసుకుని తమన్ పాట కట్టారు, ఆ పాట మళ్ళీ ఇంటర్నెట్‌కే రీల్స్‌గా వెళ్ళింది. మహేశ్ బాబు, శ్రీలీల డాన్స్‌తో థియేటర్లో పూనకాలే. అది చూసే పాట. చూస్తున్నంతసేపూ నాకూ సరదాగానే ఉంటుంది. వినే పాటల పక్కన పెట్టి తూచడం న్యాయం కాదు కాబట్టి దాన్ని పోటీలోకి తీసుకోవడం లేదు.

ఇప్పుడు గోదారి గట్టు. దీని మీద నాకున్న ప్రేమకి మొదటి కారణం ఇది రెండు గొంతుల పాట కావడం. సూసేకిని 'కపుల్ సాంగ్' అనే ప్రచారం చేశారు, పాడింది మాత్రం ఆడగొంతు ఒక్కటే. చుట్టమల్లేలోనూ అంతే, తెర మీద ఇద్దరుంటారు, పాటలో ఒక్కరే. ఘంటసాల, సుశీల దగ్గర్నుంచి బాలు, జానకి, చిత్రల దాకా మన సినిమా పాటకి ప్రాణం యుగళగీతం. అతను ఒకటంటే ఆమె ఇంకొకటి అనాలి. అతను ముందుకొస్తే ఆమె ఆపాలి, ఆపినట్టే ఆపి నవ్వాలి. ఆ సంభాషణ పోయాక మిగిలేది ఒక మనిషి మూడ్ మాత్రమే. గోదారి గట్టులో ఆ సంభాషణ మళ్ళీ వినిపించింది. మొగుడు బతిమాలతాడు, పెళ్ళాం కసురుకుంటుంది, ఆ కసురులోనే ఒప్పుకోలు ఉంటుంది. పాట రాసిన భాస్కరభట్ల ఈ సరసాన్ని ఎక్కడా శ్రుతి మించనివ్వలేదు. పిల్లలు పక్కన కూర్చున్నా ఛానెల్ మార్చాల్సిన పని లేదు.

గొంతుల ఎంపిక ఇంకా గొప్ప సంగతి. రమణ గోగుల పదేళ్ళకు పైగా సినిమా పాటలకి దూరంగా ఉన్నారు. వెంకటేశ్ 'ప్రేమంటే ఇదేరా', 'లక్ష్మి' సినిమాలకి సంగీతం ఆయనదే. ఆ బొంగురు గొంతు, మాటని కాస్త ఒత్తి వదిలే ఆ పద్ధతి వినగానే నలభై దాటినవాళ్ళందరికీ కాలేజీ రోజులు గుర్తొచ్చాయి. దాని ఎదురుగా మధుప్రియ. చిన్నప్పుడే 'ఆడపిల్లనమ్మా' అని పాడి తెలంగాణ ఊరూరా తెలిసిన గొంతు. ఆమె పాటలో మైకు కోసం తగ్గించుకోవడం ఉండదు, వాకిట్లో నిలబడి అరుగు మీద ఉన్నవాళ్ళకి వినిపించేలా పాడుతుంది. ఇలా ఒక నున్నని గొంతుకి ఇంకో నున్నని గొంతు జత చేయకుండా, రెండు గరుకు గొంతుల్ని ఎదురెదురుగా నిలబెట్టారు సంగీత దర్శకుడు భీమ్స్ సిసిరోలియో. మాట గోదావరిది, ఆడగొంతు తెలంగాణది. వినేవాళ్ళెవరికీ ఎక్కడా అతుకు తగల్లేదు.

ఆ తర్వాత వచ్చిన మాఘమాసంలో మా బంధువుల పెళ్ళిలో ఆర్కెస్ట్రా పెట్టారు. కీబోర్డు, రిథమ్ ప్యాడ్, ఇద్దరు పాడేవాళ్ళు, అంతే. చుట్టమల్లే మొదలవగానే కుర్రాళ్ళంతా స్టేజీ ముందుకొచ్చి ఫోన్లు పైకెత్తారు, 'ఆ' దగ్గర హాలంతా అరిచింది, పల్లవి అయిపోయాక ఎవరి కబుర్లలో వాళ్ళు పడ్డారు. రికార్డింగ్‌లో ఉన్న ఆ సౌండ్ కీబోర్డు మీద రాదు, అందుకే పాట పల్చబడిపోయింది. సూసేకి పాడిన అమ్మాయి బాగానే పాడింది, ఆడవాళ్ళు చేతులతో ఆ స్టెప్పు వేశారు. గోదారి గట్టుకి మాత్రం భోజనాల దగ్గరున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు. వరసకి మా బాబాయి ఒకాయన, అరవై దగ్గర పడ్డవాడు, కుర్చీలోంచి లేవకుండానే మగగొంతు వరస అందుకున్నాడు. పిన్ని పక్కనే కూర్చుని 'ఊరుకోండి, అందరూ చూస్తున్నారు' అంటూనే తన వరస తను పాడింది. చరణం కూడా ఇద్దరికీ నోటికొచ్చు. మ్యూజిక్ మొత్తం తీసేసినా పాట గొంతు మీద నిలబడుతుందా లేదా అన్నదే నా కొలత. ఈ కొలతలో గోదారి గట్టుకి పూర్తి మార్కులు, సూసేకికి ముప్పావు, చుట్టమల్లేకి సగం.

బయటి రాష్ట్రాలకి వెళ్ళకుండా ఇక్కడే తిరిగితే తెలుగు పాట ఎదుగుతుందా అని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ 'సంక్రాంతికి వస్తున్నాం' థియేటర్లలో ఒక్క తెలుగులోనే ఆడింది, 300 కోట్ల గ్రాస్ దాటిందని నిర్మాతలే ప్రకటించారు. దానికి సగం ప్రచారం ఈ పాటే చేసిపెట్టింది. ఇంకా దూరం వెళ్ళిన పాట కావాలంటే నాటు నాటు ఉంది. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ దాన్ని తెలుగులోనే పాడారు. మిరపతొక్కు, జొన్నరొట్టె, పోట్లగిత్త అంటూ సాగే ఆ పాటలో బయటివాళ్ళ కోసం పలచన చేసిన మాట ఒక్కటీ లేదు. 2023 సినిమాలకిచ్చిన జాతీయ అవార్డుల్లోనూ ఉత్తమ గీత రచన కాసర్ల శ్యామ్‌కి వచ్చింది, 'బలగం'లో ఊరు పల్లెటూరు పాటకి. సంగీతం ఇదే భీమ్స్. అది కూడా మన ఊళ్ళకోసం రాసుకున్న పాటే.

అన్ని భాషల పాటల్ని మానేయమని నేను అనను. పెద్ద సినిమాలకి అది తప్పదు, దేవిశ్రీ, చంద్రబోస్ కలిసి సూసేకితో దాన్ని ఎంత నిజాయితీగా చేయొచ్చో చూపించారు. ఆ దారిలో వెళ్ళేవాళ్ళు తెలుగు వెర్షన్‌కి తెలుగు గొంతుని వెతికితే బాగుంటుంది. పీలింగ్స్‌లో లక్ష్మీ దాస లాంటి జానపద గాయనిని తీసుకున్నారు కదా, అంటే దారి పూర్తిగా మూసుకుపోలేదు. యూట్యూబ్‌లో తెలంగాణ జానపదాలు పాడుతున్నవాళ్ళలో అలాంటి గొంతులు ఇంకా బోలెడున్నాయి. మిడిల్ రేంజ్ సినిమాలకైతే ఈ మొహమాటం అసలు అక్కర్లేదు. రెండు గొంతులు, రెండు చరణాలు, కథలోని ఊరి మాట ఉంటే చాలు. గోదారి గట్టుకి అంతకంటే పెద్ద హంగులేమీ లేవు.

ఇక వరస అడిగితే నాది ఇది. గోదారి గట్టు మొదటిది. రాత కోసం సూసేకి రెండోది. సౌండ్ కోసం చుట్టమల్లే మూడోది. నాలుగో చోటు 'తండేల్' పాట బుజ్జి తల్లికి. సముద్రం మీదికి పోయినవాడి బెంగని శ్రీమణి చాలా తేలిక మాటల్లో రాశారు, జావేద్ అలీ మనసు పెట్టి పాడారు. మీరు ఒంటరిగా, రాత్రిపూట, మంచి హెడ్‌ఫోన్స్‌తో వినేవాళ్ళయితే మొదటి మూడింటినీ తిరగేసుకోండి, చుట్టమల్లే పైకొస్తుంది. ఇంట్లో నలుగురి మధ్య పాట పెట్టుకునే అలవాటుంటే నా వరసలో మార్చాల్సింది ఏమీ ఉండదు.