పాత సముద్రపు రీలు కొంటున్నారా? ముందు డబ్బా మీది అడ్రసు చదవండి

నల్గొండలో ఉంటూ సముద్రంలో చేపలు పట్టే రీళ్లు, అంటే గాలపు కర్రకు బిగించి దారం చుట్టే యంత్రాలు, కొనే పిచ్చి నాకెందుకు పట్టిందో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ అర్థం కాదు. పానగల్ చెరువుకైనా, సాగర్ నీళ్లకైనా వెదురు కర్ర, గాలం, ఎర ఉంటే చాలు. కానీ మోటార్ వైండింగ్ షాపు నడిపేవాణ్ని. బరువైన ఇత్తడి, బేకలైట్, లోపలి పళ్ల చక్రాలు కనిపిస్తే విప్పి చూడకుండా ఉండలేను. ఈసారి ఆ పిచ్చికి 18,500 రూపాయలు వదిలాయి.

అమ్మినవాడి పేరు రాయను. రేపు ఇంకో పేరుతో వస్తాడు కాబట్టి, పేరు కంటే వాడి పద్ధతి తెలియడమే మీకు ఉపయోగం.

ఆన్‌లైన్ ప్రకటనలో ఎర్ర దుప్పటి మీద పెట్టి తీసిన రీలు ఫోటోలు. 'పెన్ సెనేటర్, 1932 మొదటి బ్యాచ్, ఒరిజినల్ డబ్బా, ఒరిజినల్ దారం, మద్రాసు హార్బర్‌లో తెల్లదొర వాడినది' అని కింద రాసుంది. పెన్ అమెరికా రీళ్ల కంపెనీ, సెనేటర్ దాని మోడల్. ఫోన్ చేస్తే, "పక్క ప్లేటు మీద 114 అని ఉంది చూడన్నా, 114 ఏళ్ల నాటిది" అన్నాడు. రెండోసారి చేస్తే మళ్లీ 1932కి వచ్చాడు. వీడికేమీ తెలియదు, చౌకగా కొట్టేస్తున్నాను అని లోపల సంబరపడ్డాను. అక్కడే పడ్డాను.

114 అనేది మోడల్ నంబరు. సెనేటర్‌లో 4/0 సైజుది 113, 6/0ది 114, 9/0ది 115. అది నాకు ముందే తెలుసు. తెలిసీ డబ్బు పంపాను.

పార్సిల్ విప్పాక మొదట డబ్బా చూశాను. ఆ డబ్బా కోసమే 3,000 ఎక్కువ ఇచ్చాను మరి. ప్రకటనలో ఫోటో తీయని వైపు కంపెనీ అడ్రసు ఉంది: ఫిలడెల్ఫియా, పీఏ 19132. ఆ చివరి అయిదంకెలు అమెరికా జిప్ కోడ్. మన పిన్ కోడ్ లాంటిదే. అక్కడ అది మొదలైంది 1963 జులైలో. అంటే 1932 అని చెప్పిన రీలుకు కనీసం ముప్పై ఏళ్ల తర్వాతి డబ్బా. డబ్బు పెట్టి మరీ కొనుక్కున్న సాక్షి నాకే ఎదురు తిరిగింది.

డబ్బా వేరే రీలుదేమో అని ఒక ఆశ. అదీ ఎక్కువసేపు నిలవలేదు. ఓటో హెంజే ఫిలడెల్ఫియాలో పెన్ కంపెనీ పెట్టింది 1932లో. సెనేటర్ మోడల్ వచ్చింది 1936లో. కాబట్టి 1932 సెనేటర్ అనే వస్తువే లోకంలో లేదు. కంపెనీ పుట్టిన ఏడాదిని తెచ్చి రీలుకు అంటగట్టాడు. ఈ మోసం ఎంత మామూలంటే, ఇప్పుడు ఏ ప్రకటన చూసినా ముందు కంపెనీ ఎప్పుడు పెట్టారో వెతుకుతున్నాను. సగం సార్లు రెండు ఏడాదులూ ఒకటే ఉంటున్నాయి.

ఇక ఆ 'ఒరిజినల్ దారం'. స్పూలు మీద ఉన్నది పారదర్శకమైన నైలాన్ తీగ. డూపాంట్ కంపెనీ నైలాన్‌ను లోకానికి ప్రకటించిందే 1938లో. అంతకుముందు సముద్రపు వేటకు నార దారం వాడేవాళ్లు. వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టకపోతే అది కుళ్లిపోయేది. దారం మార్చుకోవడం తప్పు కాదు, ఎవరైనా మారుస్తారు. దాన్ని ఒరిజినల్ అని చెప్పి అమ్మడమే తప్పు.

ప్లేటుకున్న స్క్రూలలో రెండు ప్లస్ స్క్రూలు, మిగతావన్నీ మైనస్. రోజూ స్క్రూడ్రైవర్ పట్టుకునేవాణ్ని, ఫోటోలోనే కనిపెట్టాల్సింది. ప్లస్ స్క్రూలు వాడకంలోకి వచ్చింది 1930ల నడుమ. అంతకంటే పాతదని చెప్పే రీలుకు అవి కనిపిస్తే ఆ రీలును ఎవరో విప్పి బిగించారనే అర్థం.

నాకు బాగా మండింది మాత్రం చిలుము చూసే. ఉప్పునీళ్లలో తిరిగిన రీలుకు చిలుము ఉప్పు నిలిచే చోట పడుతుంది: కర్రకు బిగించే కాలు కింద, అంచుల సందుల్లో, క్రోమ్ పూత లేచిపోయి ఇత్తడి బయటపడ్డ చోట. నాకొచ్చినదానికి ఆకుపచ్చ రంగు ఒళ్లంతా సమానంగా ఉంది. బొటనవేలితో రుద్దితే వేలికి అంటింది. కాలు విప్పితే కింద తళతళ మెరుస్తోంది. ఇత్తడికి ఉప్పు, వెనిగర్ పట్టించి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఇలాగే అవుతుంది. మా అమ్మ చింతపండుతో తోమి వదిలించే చిలుమును వీడు పనిగట్టుకుని పట్టించాడు!

నిజానికి రీలు చెడ్డది కాదు. తిప్పితే సాఫీగా తిరుగుతోంది, డ్రాగ్ (చేప లాగేటప్పుడు దారాన్ని బిగపట్టే బ్రేకు) బాగా పట్టుకుంటోంది. సెనేటర్లు దశాబ్దాల పాటు తయారయ్యాయి కాబట్టి అపురూపమైనదేమీ కాదు, అంతే. 1970ల నాటిది అని ఉన్నమాట చెప్పి 4,000 అడిగితే సంతోషంగా ఇచ్చేవాణ్ని.

ఇలాంటివి ఇంకా తిరుగుతున్నాయి. ఒకాయన 1920 నాటిది అంటూ నాకు చూపించిన రీలు మీద 20 లక్షలు దాటిన అమెరికా పేటెంట్ నంబరు ఉంది. అక్కడ 20 లక్షల నంబరు ఇచ్చింది 1935లో, 30 లక్షలది 1961లో. అయితే పేటెంట్‌ను బట్టి ఈ ఏడాదికి ముందుది కాదు అని మాత్రమే చెప్పగలం. ఎప్పటిదో చెప్పలేం, ఎందుకంటే పాత పేటెంట్ నంబర్లను ఏళ్ల తరబడి అలాగే కొడుతూ పోతారు. హిట్లర్ కాలంది అని చెప్పిన ఇంకో రీలు మీద పశ్చిమ జర్మనీ అని అచ్చు ఉంది. 1949కి ముందు ఆ పేరుతో దేశమే లేదు. మరొకటి 1883 నాటిదట, దానికి హ్యాండిల్ కింద నక్షత్రం ఆకారపు డ్రాగ్ చక్రం. ఆ స్టార్ డ్రాగ్ బోషెన్ అనే వేటగాడి ఆలోచన, దాన్ని రీలుగా చేసింది జూలియస్ వామ్ హోఫ్. 1913లో కాలిఫోర్నియా తీరంలోని కాటలీనా దీవి దగ్గర బోషెన్ దానితోనే కత్తిచేపను పట్టాడు. 1883లో ఎక్కడిది?

కాబట్టి డబ్బు పంపకముందే ఫోటోలు అడగండి. డబ్బాకు ఆరు వైపులా, రీలు కాలు అడుగుభాగం, ప్రతి స్క్రూ తల, పక్క ప్లేటు విప్పి లోపలి భాగం. విప్పడం రాదంటే హ్యాండిల్ తిప్పుతూ వీడియో తీసి పంపమనండి. ఎవరో అడ్వాన్స్ ఇస్తానంటున్నారు అని తొందరపెడితే వదిలేయండి. హైదరాబాద్ జుమేరాత్ బజార్ పాత సామాన్ల సంతలో కనీసం చేతిలో పట్టుకుని, వాసన చూసి, గీరి బేరమాడతాం. ఫోన్‌లో ఆ వీలు లేదు.

జిప్ కోడ్ సంగతి అడిగిన రోజు నుంచి వాడు ఫోన్ ఎత్తడం లేదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, డబ్బు ఇంకా రాలేదు. రీలును షాపులో చూసిన మా బాబాయి, "గింత బరువుది పట్టుకొని పానగల్ చెరువుల ఏం జేస్తవ్ రా, తిమింగలం పడ్తవా?" అని పోయాడు.

నిన్న రాత్రి ఇంకో పేరుతో కొత్త ప్రకటన వచ్చింది. అదే ఎర్ర దుప్పటి, మరో పెన్ రీలు, ఈసారి 1928 నాటిదట. డబ్బా ఫోటోలు అయిదున్నాయి. అడ్రసు ఉన్న వైపు మాత్రం లేదు.