కైల్ ఫీల్డ్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం మ్యాచ్: టికెట్ డబ్బులకు న్యాయం జరుగుతుందా?

అమెరికన్ ఫుట్‌బాల్ రూల్స్ ఒక్కటీ తెలియకపోయినా టెక్సాస్ రాష్ట్రంలోని కాలేజ్ స్టేషన్ అనే ఊరు వెళ్లి టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ మ్యాచ్ చూడొచ్చా అంటే, తప్పకుండా చూడొచ్చు. 1,02,733 మంది పట్టే కైల్ ఫీల్డ్ స్టేడియంలో గ్రౌండ్‌లో జరిగేదెంతో గ్యాలరీల్లో జరిగేదీ అంతే.

ముందు నిలబడే సంగతి చెప్పాలి. స్టూడెంట్ సెక్షన్‌లో మ్యాచ్ అయ్యేదాకా దాదాపు ఎవరూ కూర్చోరు. ఎందుకంటే 1922 జనవరి 2న డాలస్‌లో సెంటర్ కాలేజీతో ఆడుతున్నప్పుడు ఏ అండ్ ఎం ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు దెబ్బలు తగిలి బయటికొచ్చేస్తుంటే, బెంచీ మీద మనుషులే మిగలరేమోనని కోచ్ డానా బైబిల్‌కి టెన్షన్ పట్టుకుంది. పైన ప్రెస్ బాక్స్‌లో ఆటగాళ్లను గుర్తుపట్టి చెబుతూ సాయం చేస్తున్న ఈ. కింగ్ గిల్ అనే స్టూడెంట్‌ని కిందికి పిలిపించాడు. గిల్ గాయపడ్డ ఆటగాడి యూనిఫాం తొడుక్కుని చివరిదాకా సైడ్‌లైన్ దగ్గర సిద్ధంగా నిలబడ్డాడు. టీమ్ 22-14తో గెలిచింది, అతనికి ఆడే అవసరమే రాలేదు. గ్రౌండ్‌లో ఉండే పదకొండు మందికి తోడు పన్నెండో ఆటగాడిగా మేమూ సిద్ధమేనని స్టూడెంట్లు ఇప్పటికీ అలా నిలబడతారు; ఇక్కడ వినిపించే ‘ట్వెల్త్ మ్యాన్’ (పన్నెండో ఆటగాడు) అన్న మాట వెనక ఉన్నది ఈ కథే. చాలా కాలేజీల సంప్రదాయాలు చూసి చప్పట్లు కొట్టడానికి బాగుంటాయి, ఇది మాత్రం మన కాళ్లని అడుగుతుంది. నాకు నచ్చింది అదే.

నా మాట వింటే ముందు రోజు రాత్రికే ఊరు చేరుకోండి. స్టేడియంలోనే అర్ధరాత్రి అందరూ కలిసి నినాదాలు అరిచే మిడ్‌నైట్ యెల్ జరుగుతుంది, దానికి టికెట్ అక్కర్లేదు. ఇక్కడ చీర్‌లీడర్లు ఉండరు, స్టూడెంట్లు ఓట్లేసి ఎన్నుకున్న ఐదుగురు యెల్ లీడర్లు ఉంటారు. వాళ్లు చేత్తో ఒక సైగ చేస్తారు, ముందు వరస వాళ్లు అదే సైగ వెనక్కి చూపిస్తారు, అలా అది పై వరస దాకా పాకుతుంది, ఆ తర్వాత అందరూ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకి వంగి ఒక్కసారిగా అరుస్తారు. వేలమంది గొంతులు అలా కలిసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. చివర్లో లైట్లు ఆర్పగానే జంటలు ముద్దు పెట్టుకోవడం ఆనవాయితీ, ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు గమనించండి.

హాఫ్‌టైమ్‌లో తినడానికి లేచి వెళ్లకండి. మిలిటరీ యూనిఫాంలో వందలమంది బ్యాండ్ వాళ్లు ఒకరి వరసలోంచి ఒకరు దూసుకుపోతూ కూడా గీత తప్పకుండా నడుస్తారు. ఆ నడక పై వరసల నుంచే బాగా కనిపిస్తుంది, కాబట్టి చవక సీట్లు దొరికాయని బాధపడొద్దు. యూనివర్సిటీ పాట ‘వార్ హిమ్’ పాడేటప్పుడు భుజాల మీద చేతులేసుకుని వరసలు అటూ ఇటూ ఊగుతుంటే కాళ్ల కింద కాంక్రీటు కదిలినట్టే ఉంటుంది.

రెవెలీ అనే కాలీ జాతి కుక్క వీళ్ల మస్కట్. 1931 నుంచి ఆ పేరుతో ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. చనిపోయినవాటి సమాధులు స్టేడియం బయటే ఉన్నాయి, వాటికి స్కోరు కనబడాలని అక్కడో చిన్న స్కోర్‌బోర్డు కూడా పెట్టారు! దగ్గరికెళ్లి చూడండి.

క్యాంపస్‌లోని బాన్‌ఫైర్ మెమోరియల్‌కి కనీసం గంట కేటాయించాలి. టెక్సాస్ యూనివర్సిటీతో మ్యాచ్ ముందు దుంగలు పేర్చి పెద్ద మంట వేసేవాళ్లు. 1999 నవంబర్ 18న ఆ దుంగల కట్టడం కూలి 12 మంది చనిపోయారు. వాళ్ల పేరున నిలబెట్టిన 12 ద్వారాలు ఒక్కొక్కటీ ఆ మనిషి సొంతూరి వైపు తిరిగి ఉంటాయి. వారం తర్వాత జరిగిన మ్యాచ్‌లో ఏ అండ్ ఎం 20-16తో గెలిచిందంటే ఆ రోజు గ్యాలరీల్లో పరిస్థితి ఊహించుకోవచ్చు.

ఇబ్బందులూ ఉన్నాయి. సెప్టెంబర్ మధ్యాహ్నం మ్యాచ్ అయితే ఎండ మాడ్చేస్తుంది, బ్యాగు పారదర్శకంగా లేకపోతే లోపలికి రానివ్వరు. 2011 తర్వాత ఆగిపోయి 2024లో మళ్లీ మొదలైన టెక్సాస్ మ్యాచ్‌కైతే టికెట్ ధరలు చుక్కలు చూపిస్తాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు దాన్ని వదిలేసి, అక్టోబర్ చివరలోనో నవంబర్‌లోనో సాయంత్రం మ్యాచ్ ఒకటి చూసుకుని బుక్ చేసుకోండి. నా రేటింగ్ 5కి 4.5.